చందనం పెట్టిన రీలు

కంబం లోయ పైన, కొండవాగు పక్కన రాజ్‌మోహన్ విడిది ఇల్లు కట్టాడు. ఈకలతో కట్టిన దొంగ ఈగను నీళ్ళమీద ఆడించి చేపను పట్టడం అక్కడికి వచ్చేవాళ్ళకు నేర్పే మనిషి కావాలి. తంగవేల్‌నూ, వాడి చిన్నాయన కొడుకు భూపతినీ ఆయుధపూజ మరునాడు రమ్మన్నాడు. చేపను గట్టుకు తెచ్చినవాడికే పని.

తంగవేల్ పాడి ఆవును అమ్మి కోయంబత్తూరులో రీలు కొన్నాడు.

"దారం చుట్టేదానికి ఆవెందుకు నాయినా?" అంది తల్లి జానకమ్మాళ్.

"రాజ్‌మోహన్ ముదలాళి కంటికి ఆనాల. నీకేం తెలుసు?"

భూపతిది అంగట్లో అన్నిటికన్నా చవకది. వాడు తంగవేల్ రీలు చూసి నవ్వాడు. "అణ్ణా, ఇది రీలా, పెండ్లికూతురా?"

తంగవేల్ పెళ్ళాం కాన్పుకు పుట్టింటికి పోయింది. పూజనాడు వాడు చందనం గిన్నె తల్లి ముందు పెట్టాడు.

"నా చేత్తోనా? నేను పెట్టకూడదు నాయినా."

"నువ్వే పెట్టమ్మా."

భర్త పోయిన పన్నెండేళ్ళకు ఆమె చందనం ముట్టింది. పంపుసెట్టుకు పెట్టినట్టే రీలు సందుసందుకూ పెట్టింది. పూజలో పెట్టిన సామాను మరునాటిదాకా కదపరు. తంగవేల్ పొద్దున్నే దాన్ని తిప్పి చూడకుండానే గుడ్డలో చుట్టుకుని పోయాడు. భూపతి రీలు మేకుకే వేలాడింది. ఆ డబ్బాకు పూజేమిటని వాడు దించలేదు.

వాగులో మొదటి చేప తంగవేల్‌కే తగిలింది. పెద్దది. లాక్కుని పరుగెత్తింది. రీలు తిరిగి దారం వదలాలి. చందనం ఎండి రాయైంది. దారం పుటుక్కున తెగింది.

భూపతికి జానెడు చేప పడింది. రీలు అంచును అరచేత్తో అదిమి, వదిలి, గట్టుకు తెచ్చాడు.

రాజ్‌మోహన్ తంగవేల్ రీలు విప్పి, తడి తువ్వాలుతో తుడిచి తిప్పాడు. గిర్రున తిరిగింది.

"మంచి సామానురా. వెల చూసి కొంటివి. తిప్పి చూస్తివా?"

"ఇంకొక్క మారు వేస్తా ముదలాళీ."

"ఆవు పొయ్యె, చేప పొయ్యె. ఇంకేమి వేస్తావు?"

రాజ్‌మోహన్ నవ్వాడు. భూపతి కూడా నవ్వాడు.

ఇంటి వాకిట్లో జానకమ్మాళ్ ఎదురొచ్చింది. "చేప పడెనా నాయినా?"

వాడి చేతిలో రీలు సులువుగా తిరుగుతోంది.

"ముండ చెయ్యి పడినాక ఏం పడుతాది?"

పెట్టమన్నది ఎవరో ఆమె అనలేదు. తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. చందనం నిన్ననే పోయింది. అయినా రుద్దుతూనే ఉంది.