ఠాణాలో భానుమతి కుర్చీ

అన్నం ముందు కూర్చున్న గవరయ్య దాలమ్మ కేక విని, చెయ్యి కడుక్కోకుండానే ఆమె వెనకాల ఠాణాకి పరుగెత్తాడు. బెంగాలీల ఊళ్ళో ఓడరేవు డాక్‌లో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, పైగా బస్తీలోని తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. తను లేకుండా బస్తీలో చీమైనా చావకూడదని ఆయన పట్టుదల. కానీ పొట్ట ముందు, కాళ్ళు వెనక కావడంతో చేరేసరికి ఆలస్యమైంది.

దాలమ్మ మొగుడు డాక్‌లో మూటలు మోస్తూనే పోయాడు. ఉన్నది ఒక్క కొడుకు, బైరాగి. శ్రీకాకుళం నుంచి మనుషుల్ని రైలెక్కించి తెచ్చి పనిలో పెట్టే మేస్త్రీ పట్టాభి ఆ నెల కూలి కోశాడు. బైరాగి అదేమని అడిగాడు. అడిగినందుకు పట్టాభి, అతని మనుషులూ పట్టపగలు బైరాగి తల పగలగొట్టారు.

గవరయ్య గుమ్మం ఎక్కేటప్పటికి దాలమ్మ గుండెలు బాదుకుంటోంది. "మా గుంటడు బాబూ! మా గుంటడు!"

శ్రీకాకుళం వైపు గుంటడంటే కుర్రాడు, కన్నకొడుకు. తల్లి నోట అంతకంటే ముద్దయిన మాట లేదు. బల్ల వెనక కూర్చున్న బెంగాలీ దారోగాకి మాత్రం అది గుండా, అంటే రౌడీ, అని వినిపించింది. అంతలో నెత్తురోడుతున్న బైరాగిని ఇద్దరు కూలీలు మోసుకొచ్చారు. దారోగా వేలు చూపించి అడిగాడు. "గుండా?"

దాలమ్మ ఆశగా తలూపింది. "అవును బాబూ, గుంటడే! మా గుంటడే!"

కన్నతల్లే ఒప్పుకున్నాక ఇంకేం కావాలి? బైరాగిని తీసుకెళ్ళి లాకప్‌లో పడేశారు.

బెంగాలీ తనకి మంచినీళ్ళ ప్రాయమని చెప్పుకు తిరిగే గవరయ్యకి ఆ వేళకి "నా, నా, దాదా", అంటే కాదు కాదు అన్నా, అని తప్ప ఇంకో మాట పెగల్లేదు. మూలనున్న చిన్న బల్ల దగ్గర్నుంచి లేచిన మనిషి భానుమతి. లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ కూతురు. బడిలో నేర్చింది బెంగాలీ, నాయనమ్మ ఒళ్ళో నేర్చింది విజయనగరం తెలుగు. గొంతు పెంచకుండా దారోగా దగ్గరికి వెళ్ళి చెప్పింది. "ఆ మాట గుండా కాదు దాదా. ఛేలే. ఆమె కొడుకు. ఈమె ఫిర్యాదు ఇవ్వడానికొచ్చింది."

దారోగా మొహం ఎర్రబడింది. అయినా మనిషి చెడ్డవాడు కాడు. తనే లేచి లాకప్ తాళం తీశాడు. భానుమతి బైరాగిని టాక్సీలో పడుకోబెట్టి, ఆ పగిలిన తల తన ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి, దాలమ్మ చెప్పింది చెప్పినట్టు రాయించి, మళ్ళీ తెలుగులో చదివి వినిపించి, "ఇదేనా పిన్నీ నువ్వన్నది?" అని అడిగి మరీ వేలిముద్ర వేయించింది. దెబ్బ తిని వచ్చినవాళ్ళ పక్కన కూర్చోవడం, వాళ్ళ మాట వినడం, ఆస్పత్రికీ కోర్టుకీ తోడు వెళ్ళడం ఆమె ఉద్యోగమట. ఒక స్వచ్ఛంద సంస్థ జీతమిచ్చి ఆమెని ఆ ఠాణాలో కూర్చోబెట్టింది. పోలీసులకి అదొక ఉద్యోగమా అనిపించేది. బస్తీలో ఆడవాళ్ళు మాత్రం ఆమెకి తోడమ్మ అని పేరు పెట్టేశారు. గవరయ్య ఆ రోజుతో ఆమెకి భక్తుడైపోయాడు.

ఆ భక్తికి పరీక్ష తొందరలోనే వచ్చింది. సంస్థకి పైనుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. ఠాణా పెద్ద అధికారిని అక్కడ బొడోబాబు అంటారు. ఆయన గవరయ్యకి టీ ఇచ్చి మరీ చెప్పాడు. "కుర్చీ తియ్యను. జీతం నా చేతిలో లేదు. పైకి రాశాను. జవాబొచ్చేసరికి నేను పెన్షన్ తీసుకుంటూ ఉంటాను. ఎవరైనా ఓ ఏడాది భరిస్తే ఈ అమ్మాయిని పోనివ్వను."

దాలమ్మ ఇంకో మాట చెప్పింది. "పట్టాభి రాజీకి రమ్మంటన్నాడన్నా. పార్టీ ఆఫీసులో కూకుని మాటాడుకుందారంటన్నాడు. తోడమ్మ ఉంటే కోర్టుకెల్తాను. ఆవిడే ఎల్లిపోతే నాకేటి ధైర్నం? రాజీ పడిపోతాను."

గవరయ్యకి ఒళ్ళు మండిపోయింది. సాయంత్రానికల్లా సంఘం కూడింది. ఏటేటా ముత్యాలమ్మ పండక్కి పలాస నుంచి తప్పెటగుళ్ళ బృందాన్ని పిలిపించడం సంఘానికి ప్రాణం, ప్రెసిడెంటుకి పరువు. ఆ పండగ డబ్బే భానుమతి జీతానికి ఇద్దామని గవరయ్య అన్నాడు.

"ఠాణాకి మనం జీతమిచ్చీదేటి? సర్కారెందుకున్నాది?" అని కొందరు లేచారు. అది తప్పు మాటేం కాదు. అందుకే గవరయ్య ఇంకా గట్టిగా అరిచాడు. చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. మన డబ్బు తినే మనిషి ముందు మనోళ్ళనే చూడాల. మనోళ్ళుండగా బయటోళ్ళ జోలికి పోకూడదు. గవరయ్యకి అందులో తప్పేమీ కనపడలేదు. పైపెచ్చు తన రాజకీయానికి తనే మురిసిపోయాడు.

మర్నాడు దాలమ్మని వెంటబెట్టుకుని పెళ్ళి కబురు మోసుకెళ్ళేవాడిలా ఠాణాకి వెళ్ళాడు. భానుమతి అంతా విని చేతులు జోడించింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. మెల్లిగా అంది. "షరతుకి ఒప్పుకోలేను బాబాయ్."

"ఏటీ?"

"ఆ రోజు పిన్ని వచ్చేసరికి నా ముందు ఒక బిహారీ పిల్ల కూర్చుని ఉంది. దాని బాధ దానిది, సగం చెప్పింది. పిన్నిని చూసి అదే లేచింది. ముందు ఆమెని చూడండి దీదీ అంది. మనవాళ్ళు, బయటివాళ్ళు అని ఆ పిల్ల కూడా లెక్క చూసుకుని ఉంటే బైరాగి ఏమైపోయేవాడు?"

"కడుపు కట్టుకుని డబ్బిచ్చీది మేము!"

"అందుకే దండం పెడుతున్నాను. కానీ ఆ షరతుతో ఈ కుర్చీలో కూర్చోలేను. లిలువా వెళ్ళిపోయి ట్యూషన్లు చెప్పుకుంటాను."

తన ఉద్యోగం పోతుంటే భానుమతికే బెంగ లేదు! గవరయ్య విసురుగా లేచాడు. అయితే డబ్బూ ఇవ్వమని నోటిదాకా వచ్చిన మాట అనేసేవాడే. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి కాసులమ్మ వచ్చింది. పట్టాభి పెళ్ళాం.

"ఈవిడికిక్కడేటి పని? కేసు సెడగొట్టడానికొచ్చినాది!" అన్నాడు గవరయ్య. అన్నాక ఆమె వంక చూశాడు. పెదవి చీలి ఉంది. ఎడమ చెయ్యి వేలాడుతోంది, కుడిచేత్తో దాన్ని పట్టుకుని ఉంది. ఆమె శ్రీకాకుళం మనిషే. సంఘం లెక్కలో మనోళ్ళే. మరి తను కసురుకున్నదేమిటి? గవరయ్యకి సిగ్గేసింది.

బెంచీ మీదున్న దాలమ్మని చూసి కాసులమ్మ వెనక్కి తిరగబోయింది. భానుమతి ఒక్క అంగలో వెళ్ళి భుజం పట్టుకుంది. ఎవరి పెళ్ళానివని అడగలేదు. "చెయ్యి కదపకు అక్కా. డాక్టరు దగ్గరికి వెళ్దాం. ముందు కూర్చో" అంది.

కూర్చోవడానికి ఉన్నది ఆ ఒక్క బెంచీయే. కాసులమ్మ దాలమ్మ ముందు తల దించుకుని నిలబడింది. "నీ కొడుకుని కొట్టినోడి పెళ్ళాన్ని నాను. నన్నూ ఆడే కొట్టినాడు. నీ పక్కన కూకోమంటావా అప్పా?"

భానుమతి దాలమ్మకి ఏ సలహా చెప్పలేదు. దాలమ్మ ఆ చీలిన పెదవి వంకే చూసింది. ఆమె మొహంలో కోపం కనపడుతూనే ఉంది. ఆఖరికి గోడవైపుకి జరిగింది.

"కూకో. నాను మొదట్రోజొచ్చినప్పుడు కాళ్ళు పడిపోనాయి. కూకోమన్నది ఈ యమ్మే."

ఇన్నాళ్ళూ గవరయ్య భానుమతి తెలివిని మెచ్చుకున్నాడు, భాషని మెచ్చుకున్నాడు. ఆమె అసలు గొప్పతనం ఇప్పుడు కనపడింది. "అమ్మా, సరతూ గిరతూ ఏటీ నేదు. రేపు సంఘం డబ్బు తెచ్చి బొడోబాబుకిచ్చీసి ఎల్తాను" అన్నాడు.

"సంఘంలో ఊరుకుంటారా బాబాయ్?"

"ఊరుకోరు. తిడతారు. తప్పెటగుళ్ళు నేని పండగ నా వల్లేనని ఏడాదంతా దెప్పుతారు." ఆ మాట అనేటప్పుడు పాపం ఆయన మొహం నిజంగానే వాడిపోయింది. "పడతాను. నువ్వెల్లు, టాక్సీ నాను పిలుస్తాను."

ఆయన బయటికి నడిచాడు. వెనక కాసులమ్మ ఏదో చెప్పబోయి ఏడుపు ముంచుకొచ్చి ఆగిపోయింది. దాలమ్మ తన కొంగు చివర నీళ్ళలో తడిపి ఆమె పెదవి మీది నెత్తురు తుడుస్తోంది.

"ఏడిసి సెప్పు. తొందర్నేదు. తోడమ్మ ఎక్కడికీ ఎల్లదు."