ఆగిన రొట్టె

రెండో విడత కూడా తిరగలి తిప్పి, రోశమ్మ పిండిని పలచటి గుడ్డలో జల్లించింది. రోడ్డు పనిలో కంకర కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాశాయి. పిండి మెత్తనైందో లేదో వేళ్లకు తెలియదు, అందుకని చెంపకు రాసుకొని చూసింది. బాగానే ఉంది. ఇవాళ ఆదివారం. ఇవాళ రొట్టె తనది.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, ముప్పై గుడిసెలైనా లేని ఆ పల్లెలో సంఘమంటే పదకొండు మంది. పాదిరి లేడు. మగ్గం నేసే చెంచయ్యకు చదువొచ్చు గనక ఆయనే పెద్ద. వారం వారం ఒక కొట్టంలో కూడి, పాటలు పాడి, ఒకే రొట్టె విరుచుకొని తింటారు. తొమ్మిదేళ్లు ఆ రొట్టె రోశమ్మే చేసింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు రెబెకమ్మ నెల్లూరు ఆసుపత్రిలో ఆయా పని మాని ఇక్కడికొచ్చింది. ఒక ఆదివారం రోశమ్మ జ్వరంతో పడుకుంటే ఆమె చేసింది. నోట్లో పెట్టగానే కరిగిపోయిందని అందరూ మెచ్చుకున్నారట. ఆ తర్వాత రొట్టె ఆమెదైపోయింది.

తొమ్మిదేళ్లు నమిలినవాళ్లకు ఇప్పుడు పళ్లు నొప్పులొచ్చాయి కాబోలు, అనుకుంది రోశమ్మ. రెబెకమ్మ తెల్లచీర గిట్టలేదు, ఆమె గొంతు గిట్టలేదు, ఆమె చదువు అసలే గిట్టలేదు.

నిన్న సాయంత్రం చెంచయ్య పనిచోటికే వచ్చాడు.

"రెబెకమ్మకు మూడు దినాలుగా జొరం. రేపు రొట్టె నువ్వే చెయ్యి. పోతా పోతా ఆమెకు చెప్పిపో, లేసి తంటాలు పడొద్దని."

"అట్నేలే అన్నా."

రెబెకమ్మ ఇల్లు దారిలోనే ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. నా రొట్టె నేను చేసుకుంటానని ఆమె గడపలో నిలబడి చెప్పుకోవాలా? రోశమ్మ మొహం తిప్పుకొని నడిచింది.

ఇప్పుడు ఆ పిండిలో పాలు పోసి, చెయ్యి నొప్పి పుట్టేదాకా పిసికింది. సన్నటి సెగ మీద కాల్చి, ఉతికిన తువ్వాలలో చుట్టి పట్టుకుపోయింది.

కొట్టంలో రొట్టె వైపు చూసినవాళ్లు లేరు. అందరి నోటా రెబెకమ్మే. చెంచయ్య ఆమె కోసం చేసిన ప్రార్థన ఎంతకీ తెగలేదు. రోశమ్మ కళ్లు మూసుకొని పళ్లు నూరింది.

ఆపైన ఆయన వారం వారం చెప్పేమాట చెప్పాడు. "ఎవురికైనా ఎవురిమీదైనా మనసులో ఏమన్నా ఉంటే లేసి పోయి సరిచేసుకొని రండి. అందాక రొట్టె ఆగతాది."

మాట వరసకు కాదు, నిజంగానే ఆగుతుంది. ఒకప్పుడు కాలవ నీళ్ల దగ్గర కొట్టుకున్న అన్నదమ్ములు మధ్యాహ్నం దాకా రాజీపడకపోతే రొట్టెకు చీమలు పట్టాయి. అయినా ఎవరూ ముట్టలేదు.

రోశమ్మ లేచింది. పశ్చాత్తాపంతో అనుకుంటే పొరపాటే. రెబెకమ్మతో రెండు ముక్కలు మాట్లాడి రావచ్చు, అందాకా ఇంతమందీ తన రొట్టెనే చూస్తూ కూర్చుంటారు, పనిలో పనిగా ఈ పూట రొట్టె ఎవరిదో ఆమె చెవిన వేయవచ్చు. అందరూ చూడాలని గుమ్మం దాకా మెల్లగా నడిచింది.

"అక్కా, నేను, రోశమ్మను," అంటూ రెబెకమ్మ ఇంటి తలుపు తోసింది.

రెబెకమ్మ వెలిగించని పొయ్యి పక్కన గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. తల ఒక పక్కకు వాలింది. మణికట్ల దాకా పిండి. రోశమ్మ ఆమె భుజం పట్టుకొని కదిపింది. ఒళ్లు చల్లగా ఉంది, ఊపిరి లేదు.

పక్కింటి ముసలి నాగులమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "తెల్లారకముందే లేసినాదే. పడుకోమ్మా అంటే, రొట్టె లేకపోతే ఎట్టవ్వా, వాళ్లు కాసుకోనుంటారు గదా అన్నాది. ఏంది, పలకదేంది?"

రోశమ్మ రెబెకమ్మ ముందు కూలబడి, పిండి అంటిన ఆ చేతులు పట్టుకుంది.

"నీకు చెప్పమన్నారక్కా. నేను చెప్పలా."

అక్కడ కొట్టంలో తొమ్మిది మంది రొట్టె ముందు పెట్టుకొని రోశమ్మ కోసం కూర్చునే ఉన్నారు. ఇక్కడ పొయ్యి పక్కన, కంచంలో తడిగుడ్డ కింద, రెబెకమ్మ పిసికిన పిండిముద్ద ఇంకా మెత్తగానే ఉంది.