ఒబెడ్ శవపేటికకి తెల్ల గ్లౌజులు

కెజాయా బట్టల పెట్టె మూత తీసింది. అమెరికాలోని ఆ సేలం రేవులో ఎవరు పోయినా, శవపేటిక మోసినందుకు ఆ ఇంటివాళ్లు భర్త ఒబెడ్‌కి ఇచ్చిన తెల్ల గ్లౌజులన్నీ ఆమె అందులోనే దాచింది. ఇప్పుడు పోయింది ఒబెడే. ఆయన్ని వట్టి చేతులతో మోయించాలా?

కానీ కొడుకు ఎలిఫలెట్ సంగతో? వాడు ఓడల వర్తకుడు. ఇంగ్లండు సరుకు మానేయాలని ఊరందరి చేతా సంతకాలు పెట్టించిన కమిటీకి పెద్ద. గ్లౌజులూ ఇంగ్లండు నుంచి వచ్చేవే కాబట్టి, చావుకి అవి పంచకూడదని ఆ కాగితంలో రాయించింది వాడే. తప్పినవాడి పేరు పత్రికలో వేస్తారు. వాడు దేశద్రోహి, వాడితో ఎవరూ ఏ పనిలోనూ కలవకూడదు. మొన్ననే ఇంగ్లండు సరుకు అమ్మిన ఒక దుకాణం అద్దాలు పగలగొట్టారు. రేపు తమ ఇంటిమీదా రాళ్లు పడతాయేమోనని ఆమెకి కంటిమీద కునుకు లేదు.

'పాతవేగా, కొన్నవి కాదుగా' అనుకుని మోసేవాళ్లకి ఇచ్చేసింది.

ఎలిఫలెట్ గదిలోకి వస్తూనే వాళ్ల చేతులు చూసి ఆగిపోయాడు.

"ఇవెక్కడివమ్మా?"

"మీ నాన్నవేరా. పాతవి."

ఒబెడ్ స్నేహితుడు, తాళ్లు పేనే పెలెగ్, తెల్లటి వేళ్లు ఆడించి చూపించాడు. "ఏం అబ్బాయ్, మా ఆవిడ పోయినప్పుడు వట్టిచేతులే అన్నావు. మీ నాన్నకి ఆ రూలు లేదా?"

ఎవరూ నవ్వలేదు.

"నేనిచ్చాన్రా, నా పేరు చెప్పు," అంది కెజాయా.

"ఇంటిపెద్దని నేనమ్మా." ఎలిఫలెట్ అందరివైపూ తిరిగాడు. "తప్పు చేసింది ఎలిఫలెట్ గెడ్నీ. పత్రికలో వేయించండి."

పెలెగ్ మొహం పాలిపోయింది. "అయ్యో, వేళాకోళానికన్నాను..." అని నసిగాడు. కానీ గ్లౌజులు తీసి బల్లమీద పెట్టాడు. మిగతావాళ్లూ తీసేశారు. ఒక్కొక్కరే వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నారు.

"పట్టుకోండి నాయనా! ఏమైంది మీకు?" అంది కెజాయా.

"నీ కొడుకుతో కలిసి ఏ పనీ చేయకూడదుగా వదినా," అన్నాడు పెలెగ్ తల దించుకుని. "మాచేత సంతకం పెట్టించుకుంది ఆ అబ్బాయే."

కెజాయా రాళ్లు పడతాయనుకుంది, ఇల్లు తగలబెడతారనుకుంది. తెలిసినవాళ్లందరూ ఇంత మర్యాదగా, చేతులు కట్టుకుని నిలబడిపోతారని ఆమెకి ఏ పీడకలలోనూ రాలేదు.

ఎలిఫలెట్ ఒక్కడే వంగి పేటిక తలవైపు ఎత్తాడు. అది ఒరిగి కిర్రుమంది. కెజాయా పరుగున వెళ్లి కాళ్లవైపు పట్టుకుంది.

"మెల్లగారా," అంది. "మీ నాన్నకి నడుం నొప్పి."