ఒక కాలు మంచు మీద

ఆ ఉదయం మబ్బులు బాగా కిందికి దిగి, సరస్సు మీద బోర్లించిన మూకుడులా ఉన్నాయి. దక్షిణపు గాలి వీస్తోంది. రేవు ముందు నీళ్లు నల్లగా కదులుతున్నాయి, వాటి మీది మబ్బుల పొట్ట కూడా నల్లగానే ఉంది. ఉత్తరాన, ఇరుకు పాయ అవతల మాత్రం మబ్బుల అడుగు తెల్లగా, సున్నం కొట్టిన గోడలా మెరుస్తోంది. ట్రక్కు ఎక్కబోతున్న ఐనార్ ఆ తెలుపు చూసి ఆగాడు. మబ్బు కింద తెలుపుందంటే దాని కింద మంచు ఉన్నట్టే. గాలి దాన్ని ఆ మూలకి తోసి పేర్చిందే గాని, మంచు పోలేదు.

"ఒరేయ్ ఒన్నీ!" అని కేక వేశాడు.

తమ్ముడు దోనెల కొట్టం తలుపు దగ్గర కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. యాభై దాటినా జుట్టు దువ్వుకోవడం రాని మనిషి. కొట్టం తాళంచెవి తాడు కట్టి మెడలో వేసుకుని తిరుగుతాడు.

"పాయ దాకా వెళ్లి చూసి రా. చూసొచ్చేదాకా ఎవర్నీ నీళ్లలోకి దించకు."

"తెలుసులే అన్నా. ఏటా ఇదే పాట."

"పాట కాదు. వెళ్లు."

"వెళ్తాను. నువ్వు ముందు కదులు, గ్యాసు కొట్టు మూసేస్తాడు."

ఆ ఇంట్లో అది వాళ్ల అమ్మ పెట్టిన కట్టుబాటు. అడవిలోకి పోయేవాళ్లకి దోనెలు, గుడారాలు, తిండి సంచులు అద్దెకిచ్చే ఈ పని మొదలుపెట్టింది ఆవిడే. మంచు విడిచిన కొత్తలో ఇంటివాళ్లలో ఒకరు స్వయంగా దోనె వేసుకుని పాయ దాకా పోయి, కంటితో చూసి రావాలి. ఆ తర్వాతే కిరాయి దోనె నీళ్లలో పడాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. వంటింటి గోడకి వాళ్ల నాన్న తెడ్డు వేలాడుతూ ఉంటుంది. ఆయన పాయలో పోయిన వసంతంలో దొరికింది ఆ తెడ్డు ఒక్కటే.

ఐనార్ దారి పొడవునా తిట్టుకుంటూనే వెళ్లాడు. వసంతం వస్తే అతనికి ఏటా కోపమే. చలికాలం తలుపులు మూసి పెట్టిన ప్రతిదీ తెరిచేసరికి చెడి ఉంటుంది. ఎలుకలు లైఫ్ జాకెట్లు చీల్చి దూది పీకాయి. గుడారాలు బూజు కంపు కొడుతున్నాయి. మంచు బరువుకి కొట్టం చూరు కుంగి రెండు దోనెల మీద పడింది. పైగా ఫోను. "మంచు పోయిందాండీ?" పోలేదు. "ఎప్పుడు పోతుందండీ?" దాన్నే అడగండి. భార్య సైమా ఇప్పుడు అతన్ని ఫోను ఎత్తనివ్వడం లేదు. "నువ్వు మాట్లాడితే మనకి వచ్చేవాళ్లు కూడా పోతారు," అంటుంది ఆ ఇల్లాలు.

ఊళ్లో గ్యాసు సిలిండర్లు, చీలికలు అతికే జిగురు, కాఫీ బస్తా ట్రక్కులో వేయించుకుని మధ్యాహ్నానికి తిరుగుముఖం పట్టాడు. సగం దారిలో పైన్ చెట్ల తలలు పొద్దుటికి ఎదురువైపు వంగుతుండడం చూశాడు. అద్దం దించాడు. గాలి వాయవ్యం నుంచి కొడుతోంది, సూదుల్లా గుచ్చుతోంది. అంటే మూలన పేర్చి ఉన్న మంచంతా ఇటు బయల్దేరి ఉంటుంది.

ముంగిట్లో అయోవా రాష్ట్రం నంబరు కారు ఉంది. అందులో మనుషులు లేరు. సామాను లేదు.

ఒన్నీ రేవులో కాన్వాస్ సంచులు ఆరేస్తున్నాడు.

"ఎవరిది ఆ కారు?"

"ముసలి జంట. డీన్, లొరెట్టా. పొద్దున దించాను, ద్వీపం మీద మకాం పెడతామన్నారు."

"పాయ చూశావా?"

"చూసొచ్చాను. అద్దంలా ఉంది."

"దేంట్లో వెళ్లావు?"

"మన అల్యూమినియం దోనెలోనే. ఇంక దేంట్లో వెళ్తాను?"

ఐనార్ ఇంకేమీ అడక్కుండా కొట్టంలోకి నడిచాడు. అల్యూమినియం దోనె బల్లల మీద బోర్లా ఉంది. అంచు పట్టుకుని ఎత్తాడు. లోపలంతా నిరుడు ఆకురాలు కాలంలో పడిన పైన్ చెట్ల సూది ఆకులు ఎండి అంటుకుని ఉన్నాయి. ముందు పీట కింద లైఫ్ జాకెట్ దూదితో కట్టిన గూడు, గూట్లో ఎలుక. అది ఐనార్‌ని చూసి మీసాలు కదిపింది.

అతను వెనక్కొచ్చి తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుని కొట్టం దాకా ఈడ్చుకొచ్చి, వాడి తల దోనె కింద పెట్టాడు.

"ఇదేరా నీకు పాయ చూపించింది? ఈ ఎలుకేనా?"

"అన్నా, విడువు!"

"చెప్పరా!"

"గుట్టెక్కి చూశాను. అక్కణ్ణుంచి నల్లగానే కనిపించింది. అవతలి రేవువాళ్లు నిన్నే దింపేశారు. వీళ్లు రాత్రంతా కారు నడిపి వచ్చారు. ఆగండి అంటే నవ్వారు. పక్కవాళ్లు దింపుతుంటే మీకేం భయం అన్నారు."

"నవ్వారని దింపేశావా? వాళ్ల నవ్వు ఖరీదేంటో తెలుసా నీకు? ఆ గోడకి ఏం వేలాడుతోందో తెలుసా?"

"తెలుసు."

"తెలిసి దింపావు. తెలియనివాడు దింపితే చెప్పుతో కొట్టి ఊరుకునేవాణ్ణి."

గొడవ విని సైమా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. విషయం అర్థం కావడానికి ఆవిడకి కారు, గాలి చాలు.

"షెరిఫ్‌కి ఫోను చేస్తాను. వాళ్లు చేరేసరికి సాయంత్రం అవుతుంది," అంది. "మీరిద్దరూ కొట్టుకోవాలంటే వచ్చాక కొట్టుకోండి. నేనూ ఓ చెయ్యి వేస్తాను."

ఐనార్ కాలరు వదిలాడు. "ఇవాళ సాయంత్రం నీ గుడ్డలు సర్దుకో," అన్నాడు తమ్ముడితో. "అమ్మ ఈ రేవు ఇద్దరికీ ఇచ్చింది నిజమే. నీ వాటా తీసుకుపో. నీ మాట నమ్మి నేనిక ఒక్క మనిషిని నీళ్లలోకి పంపలేను."

ఒన్నీ ఎలుకని గూటితో సహా తీసి కట్టెల మీద పెట్టి, దోనె ముందు కొస ఎత్తాడు. వెనక కొస ఐనార్ ఎత్తాడు. వేరే దారి లేదు. ఆ పని ఒక్కడి వల్ల కాదు.

మెడల్లో మేకుల పిడులు వేసుకున్నారు. మంచులో పడితే గుచ్చి పైకి పాకడానికి అవే ఆధారం. ఐనార్ వెనక పీట, ఒన్నీ ముందు పీట. చిన్నప్పటి నుంచి అంతే. తెడ్లు పడుతున్నాయి, లేస్తున్నాయి. ఒళ్లు మండిపోతున్నా ఐనార్ తెడ్డు తమ్ముడి తెడ్డుతో కలిసే పడుతోంది. అది కూడా అతనికి కోపం తెప్పించింది. చేతులకి సిగ్గులేదు.

పాయ దాటగానే మంచు ఎదురైంది. దగ్గరికొస్తుంటే గాజుముక్కలు నూరినట్టు చప్పుడు. పుచ్చిపోయిన మంచు అది. పైకి పలకలా కనిపిస్తుంది, అడుగు పడితే నిలువు పుల్లలుగా విడిపోతుంది. మనిషి నడవలేడు, దోనె సాగదు. దాని అవతల ద్వీపం, ద్వీపం మీద సన్నగా పొగ.

"బతికే ఉన్నారు," అన్నాడు ఒన్నీ.

"నోరు మూసి దిగు."

అలాంటి మంచు దాటడానికి ఒక్కటే పద్ధతి. దోనెకి చెరోవైపు ఇద్దరూ నిలబడి, ఒక కాలు దోనెలో, ఒక కాలు మంచు మీద పెట్టాలి. రెండు చేతులతో అంచులు గట్టిగా పట్టుకోవాలి. బయటి కాలితో తోస్తూ పోవాలి. ఒకవైపు మంచు విరిగితే అటువైపు మనిషి దోనెలోకి వాలతాడు. అదే క్షణంలో ఇటువైపువాడు బయటికి వాలాలి. ఆలస్యమైతే దోనె బోర్లాపడుతుంది. ఇందులో మాటలకి టైముండదు. అవతలివాడి బరువు ఎటు పోతోందో ఒంటికి తెలియాలి.

ఐనార్ ఎడమ కాలు, ఒన్నీ కుడి కాలు మంచు మీద పెట్టారు.

"హుఁ."

"హుఁ."

దోనె కీచుమంటూ జారింది. కొంత దూరం బాగానే సాగింది. ఒక పగులు దగ్గర ఒన్నీ కాలి కింద మంచు చప్పుడు చేయకుండా పోయింది. వాడు తొడ దాకా దిగాడు. ఐనార్ అప్పటికే బయటికి వాలి ఉన్నాడు. ఎప్పుడు వాలాడో అతనికే తెలియదు. ఒన్నీ ఆయాసపడుతూ కాలు పైకి లాక్కున్నాడు. బూటు నిండా నీళ్లు.

"ఉందా కాలు?"

"ఉంది."

"తోయి."

ఇంకొంచెం పోయాక ఐనార్ వంతు వచ్చింది. నీళ్లు మోకాలు దాటి తొడ కొరికాయి. దోనె ఒరగలేదు. అవతలి పక్కన తమ్ముడు నడుము దాకా బయటికి వంగి, పళ్లు కరచి, అతన్నే చూస్తున్నాడు. ఐనార్ మొహం తిప్పుకున్నాడు.

ద్వీపం అంచున రాళ్ల మధ్య కిరాయి దోనె అప్పడంలా నలిగి ఉంది. మంచు వచ్చి రాళ్లకేసి నొక్కేసింది. డీన్ తడి కట్టెలతో మంట బతికిస్తున్నాడు. లొరెట్టా నడుము దాకా తడిసి, దుప్పటి చుట్టుకుని ఉంది. దోనెలోంచి సంచి లాగబోయి నీళ్లలో పడిందట. పెదవులు నీలంగా ఉన్నా కళ్లలో మాత్రం నిప్పులే.

"వచ్చారా," అంది. "ఇదేనా అద్దం?"

అన్నదమ్ములు ఆవిణ్ణీ ఆయన్నీ దోనె అడుగున కూర్చోబెట్టారు. మళ్లీ చెరో కాలు మంచు మీద పెట్టారు. బరువు రెట్టింపైంది. మంచు ఇప్పుడు రేవు వైపే పోతోంది, దాంతో పాటే వీళ్లూ. తిరుగుదారిలో అన్నదమ్ములు ఎన్నిసార్లు పడ్డారో లెక్కపెట్టుకోలేదు. దోనె ఒక్కసారి కూడా ఒరగలేదు.

రేవులో సైమా, ఆవిడ వెనక సౌనా ఆవిరిగది గొట్టంలోంచి పొగ. లొరెట్టాని ఎత్తుకున్నట్టే లోపలికి తీసుకుపోయింది. షెరిఫ్‌కి మళ్లీ ఫోను చేసి రావద్దని చెప్పింది. అన్నదమ్ములతో మాత్రం, "మీ ఇద్దరికీ పొయ్యి చాలు," అంది.

చీకటి పడకముందే అందరూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. పాలు పోసి కాచిన చేప, బంగాళాదుంపల సూపు, రై రొట్టె, వెన్న. సైమా స్వెటరు తొడుక్కున్న లొరెట్టా కప్పు రెండు చేతులతో పట్టుకుంది. పళ్లు ఇంకా టకటకమంటున్నాయి. ఆవిడ ఒన్నీని వదిలేసి ఐనార్ వైపు తిరిగింది.

"మీ తమ్ముడు స్వయంగా వెళ్లి చూసొచ్చానన్నాడు. నేను అడిగాను కూడా. ఒట్టేశాడు. నిజంగా వెళ్లాడా?"

సైమా చేతిలో గరిటె ఆగిపోయింది. ఔననడం తేలిక. మంచు మీద ఎవరికి అధికారం ఉంది, గాలి మారింది, ఏం చేస్తాం అనొచ్చు. ఈ ఏడు వచ్చేవాళ్లు వస్తారు, ఇంటి పేరు నిలుస్తుంది. కాదంటే ఈవిడ చెప్పే కబురు మంచు కంటే ముందు ఊరు చేరుతుంది. ఐనార్ గోడ మీద తెడ్డు చూశాడు. తర్వాత తమ్ముణ్ణి చూశాడు. చెప్పాల్సింది తను కాదు.

ఒన్నీ గొంతు సవరించుకున్నాడు.

"వెళ్లలేదమ్మా. దోనె దించనే లేదు. గుట్ట మీంచి చూసి అబద్ధం చెప్పాను. మా అన్న వద్దనే చెప్పాడు."

డీన్ చెంచా కింద పెట్టాడు. "చచ్చిపోయేది," అన్నాడు. "మా ఆవిడ చచ్చిపోయేది."

"ఔను సార్."

"ఔను సారా!" లేవబోయాడు. లొరెట్టా ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"నాకు పళ్లు కొట్టుకుంటున్నాయి, సరిగ్గా తిట్టలేను," అంది ఒన్నీతో. "ముందు తింటాను. తిన్నాక చెప్తాను నీ సంగతి. ఎక్కడికీ పోకు."

ఒన్నీ తలూపాడు. మెడలోంచి తాడు తీసి, కొట్టం తాళంచెవి అన్న పళ్లెం పక్కన పెట్టాడు.

సైమా అందరికీ వడ్డించింది. చెంచాలు గిన్నెలకి తగులుతున్న చప్పుడు. బయట మంచు రేవు కర్రల్ని నొక్కుతూ మూలుగుతోంది. ఐనార్ రొట్టె తుంచాడు, వెన్న రాశాడు. తాళంచెవిని ముట్టుకోకుండా దాని మీంచే వెన్న గిన్నె జరిపాడు. కోపం పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. ఆకలి దానితో సంబంధం లేకుండా వేస్తోంది. రెండో గిన్నె సగానికి వచ్చాక తాళంచెవి తీసుకున్నాడు. ఒన్నీ తినడం ఆపాడు. ఐనార్ దాన్ని తమ్ముడికివ్వలేదు, తన జేబులోనూ వేసుకోలేదు. బల్ల మీంచి సైమాకి చాచాడు. ఆవిడ చూసి, ఏప్రాన్ జేబులో వేసుకుని, గరిటె తీసుకుని ఒన్నీ గిన్నె మళ్లీ నింపింది. ఒన్నీ తల వంచుకుని తిన్నాడు.

పొయ్యి పక్కన అన్నదమ్ములు ఆరేసిన బూట్లు రెండే. ఒకటి ఎడమది, ఒకటి కుడిది. బల్ల కింద ఇద్దరికీ చెరో కాలు బూటులో ఉంది, చెరో కాలు నీళ్లకి నాని తెల్లబడి, చెక్క నేల మీద ఆనుకుని ఉంది.