డెమో కుర్చీ

అమీర్‌పేటలో చదువు సోమవారం పుడుతుంది. ప్రతి సోమవారం కొత్త బ్యాచ్. మొదటి రెండు మూడు రోజులు డెమో, ఉచితం. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆ రోజుల్లో పాఠం చెప్పేవాడికి ఉన్నంత ఓపిక కన్నతల్లికి కూడా ఉండదు. "అడగండి, డౌట్ ఏదైనా అడగండి" అంటాడు. తర్వాత ఫీజు కట్టించుకుంటారు. అప్పుడు అడిగితే "చివర్లో చూద్దాం" అంటారు. ఆ చివర ఎప్పుడూ రాదు.

స్వరాజ్యం బతికేది ఆ డెమోల మీదే.

ఆమెకు యాభై దాటాయి. పంజాగుట్టలో ఒక డీటీపీ సెంటర్‌లో పెళ్లి కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేస్తూ వయసంతా గడిపేసింది. అందరి పెళ్లిళ్లూ టైప్ చేసింది, తనది తప్ప. సెంటర్ మూతపడింది. ఇప్పుడు బోరబండలో ఒక గది, ఒక ఫ్యాను, ఒక స్టవ్వు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోరు తెరవాల్సిన పని లేదు. కూరగాయల బండి మీద కూడా ధరల అట్ట పెడుతున్నారు, బేరమాడే మాట కూడా పోయింది. అందుకే డెమోలకు పోతుంది. ఒక సందులో జావా, ఇంకో సందులో డేటా సైన్స్. ఏసీ కోసం కాదు. అక్కడ ఎవరో ఒకరు ఆమె మొహం చూసి "చెప్పండి మేడమ్" అంటారు. అందుకోసం.

దొరికిపోకుండా ఒక్కోచోట ఒక్కో పేరు రాసేది. ఇక్కడ మధులత, అక్కడ సుమశ్రీ. తన అసలు పేరు ఎవరి నోటా విని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఇది మోసం అనేవాళ్లను అననివ్వండి. ఖాళీ కుర్చీలో మనిషి కూర్చుంటే కుర్చీ అరిగిపోదు.

ఆ మధ్య ఒక డెమోలో చెయ్యెత్తింది. "సార్, మెషిన్ నేర్చుకుంటదన్నరు గదా. తప్పు నేర్పితే, తర్వాత దాన్ని మరిచిపోతదా?"

"సూపర్ క్వశ్చన్ మేడమ్! అది కోర్సులో వస్తుంది. జాయిన్ అవ్వండి."

ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. కానీ ఆ పొగడ్తతో ఆమె బోరబండ దాకా నడిచి పోయింది, బస్సెక్కడం మరిచిపోయి.

ఆ డెమో పెట్టిన ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలర్ శ్రీలేఖ గట్టి పిల్ల. నంబర్ రాస్తే ఎదురుగానే రింగిచ్చి చూసుకుంటుంది. అందుకని అక్కడొక్కచోటే స్వరాజ్యం అసలు నంబర్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ నంబర్‌కే ఒకరోజు శ్రీలేఖ ఫోన్ చేసింది.

"ఆంటీ, ఆదివారం మా గ్రాడ్యుయేషన్ డే. పంజాగుట్టలో ఫంక్షన్ హాల్. మీరు తప్పకుండా రావాలి."

"నేనా? నేను కోర్సు చెయ్యలే గదమ్మా."

"పర్లేదాంటీ. మీలాంటి వాళ్లే రావాలి. గౌను మేమే ఇస్తాం, లంచ్ కూడా ఉంటుంది."

సంగతేంటంటే, కోర్సు అయిపోయినవాళ్లలో సగం మంది ఉద్యోగం దొరక్క ఊళ్లకు పోయారు. హాలు ఖాళీగా ఉంటే వీడియో బాగుండదు. అందుకే డెమో నంబర్లన్నిటికీ ఫోన్లు కొట్టారు. ఇది స్వరాజ్యానికి తెలియదు. తనకు నేర్చుకోవాలని ఉన్న సంగతి తెలిసే పిలిచారనుకుంది. చీర ఇస్త్రీ చేయించుకుంది.

హాల్లో నల్ల గౌన్లు, నెత్తిన పలకలాంటి టోపీలు. డైరెక్టర్ బుచ్చిబాబు మైకు పట్టుకున్నాడు.

"క్యూరియాసిటీ అంటే ఏంటి? చిన్నపిల్లాడు పొద్దస్తమానం ఎందుకు, ఎందుకు అని అడుగుతాడు. మనం ఎప్పుడు మానేశాం? సర్టిఫికెట్ వచ్చింది, చదువు అయిపోయింది అనుకున్న రోజు మీరే అయిపోయినట్టు! చచ్చేదాకా నేర్చుకోండి. భయపడకుండా అడగండి!"

ఇలాంటి ఉపన్యాసాలు ఊరంతా దొరుకుతాయి. చెప్పేవాడు అడగమంటాడు, ఎవర్ని అడగాలో చెప్పడు. కానీ స్వరాజ్యం ప్రతి మాటా తనకే చెబుతున్నట్టు విన్నది. ఆమె కళ్లు తడిశాయి. నెరిసిన జుట్టు, తడి కళ్లు, నల్ల గౌను. బుచ్చిబాబుకు ఇంకేం కావాలి?

"అదిగో! అమ్మగారూ, స్టేజీ మీదకి రండి. చూడండయ్యా, ఈ వయసులో! మా అమ్మను చూసినట్టుంది. మీ పేరేంటమ్మా?"

"స్వరాజ్యం." మైకులో ఆ పేరు పెద్దగా మోగింది.

"ఏ బ్యాచ్ మీది?"

డేటా సైన్స్ అంటే సరిపోయేది. చప్పట్లు కొట్టి దింపేసేవారు. మళ్లీ సోమవారం ఎక్కడో ఒక కుర్చీ ఉండేది. నిజం చెబితే ఉండదని ఆమెకు తెలుసు. కానీ ఆయన "మా అమ్మ" అన్నాడు. భయపడొద్దన్నాడు.

"బ్యాచ్ లేదు సార్, డెమో. అన్ని ఇన్‌స్టిట్యూట్ల డెమోలకు పోత. పైసలు కట్టినంక డౌట్లు అడగనియ్యరంట గద. డెమోల అయితే ఎన్నడిగినా మంచిగ చెప్తరు. మీకు దండం పెడ్దమనే వచ్చిన."

నిజంగానే దండం పెట్టింది.

హాలు దద్దరిల్లిపోయింది. ఫీజు కట్టినవాళ్లే ఎక్కువ ఈలలు వేశారు. "ఆంటీ మస్తు చెప్పిందిరా భాయ్!" "డెమో ఆంటీ! డెమో ఆంటీ!" స్వరాజ్యం నవ్వింది. తన మాట వాళ్లకు నచ్చిందనుకుంది. బుచ్చిబాబు కూడా పళ్లు కనబడేలా నవ్వి మైకు లాక్కున్నాడు.

లంచ్‌లో కుర్రాళ్లు వరసగా వచ్చి ఆమెతో సెల్ఫీలు దిగారు. ఆమె పక్కన కూర్చుని తిన్నవాడు ఒక్కడూ లేడు.

సోమవారం శ్రీలేఖ తలెత్తకుండా చెప్పింది. "సారీ ఆంటీ. మీకు డెమో ఇవ్వొద్దన్నారు సార్. మీ ఫొటో ఇన్‌స్టిట్యూట్లన్నిటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు."

"తప్పేం మాట్లాడిన బిడ్డా?"

"ఏమో ఆంటీ. నాకు ఉద్యోగం ముఖ్యం."

పక్క సందులో "మధులత గారు కదా" అని నవ్వి తలుపు మూశారు. ఆ పక్క సందులో నవ్వడం కూడా లేదు.

ఒక బిల్డింగ్‌లో ఫ్రంట్ డెస్క్ మనిషి టీకి పోయినట్టున్నాడు. స్వరాజ్యం మెట్లెక్కి రెండో అంతస్తులో మూసిన తలుపు బయట నిలబడింది. పాఠం సగం సగం వినపడుతోంది. "ఎనీ డౌట్స్?" లోపల ఎవరూ నోరెత్తలేదు. తలుపు తెరుచుకుంది. పిల్లలు బిలబిలమంటూ దిగారు. ఒకణ్ని ఆపింది.

"బిడ్డా, మెషిన్‌కు తప్పు నేర్పితే అది మరిచిపోతదా? సార్ ఏమన్న చెప్పిండా?"

"అది ఇంటర్వ్యూల అడగరాంటీ. జర జరగండి."

క్లాసు ఖాళీ అయింది. ఆమె లోపలికి పోయింది. ట్రైనర్ లాప్‌టాప్ వైరు చుట్టుకుంటున్నాడు. బోర్డు నిండా రాతలు.

"అడ్మిషన్ తీసుకున్నారా మేడమ్?"

"లేదు సార్."

ఆయన చెడ్డవాడేం కాదు. బయటివాళ్లు ఫొటో తీసుకుపోకుండా బోర్డు తుడిచేయడం ఇక్కడి పద్ధతి. డస్టర్ తీసుకుని పైనుంచి తుడవడం మొదలుపెట్టాడు. స్వరాజ్యం గబగబా కింది వరస నుంచి చదవడం మొదలుపెట్టింది.