కాంప్లెక్సులో బోణీ

పెందుర్తిలో ఆ కాంప్లెక్సు ఉన్నచోట మునుపు పాకల బజారు ఉండేది. స్టీల్ ప్లాంటు పనులకని కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి కాపురాలు పెట్టినవాళ్లంతా ఆ పాకల్లోనే ఉప్పూ పప్పూ కొనుక్కున్నారు. పాకకీ పాకకీ మధ్య గోడంటే ఒక తాటాకు తడికే. ఇటు దగ్గితే అటునుంచి ‘ఏటైనాది’ అని అడిగేవారు. వానొస్తే కారేది, ఎండొస్తే కాలేది, గాలికి మాత్రం కొదవ లేదు. ఎనభై నాలుగులో దాన్ని పీకి పారేసి రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు లేపారు. కట్టించిన కామరాజుగారికి మాట మెత్తన, చెయ్యి బిగువు. ప్లానులో ఉన్న వెంటిలేటర్లు గోడల్లోకి రాలేదు. పాకలవాళ్లకి వెనక వరసలో, ఖాళీ స్థలం వైపు గదులు పడేసి, ఏదో ఉద్ధరించినట్టు కొబ్బరికాయ కొట్టించాడు మహానుభావుడు.

చిలకమ్మకి చివరి గది వచ్చింది. ఎండుమిరపకాయలు, చింతపండు, పసుపుకొమ్ములు ఆమె సరుకు. పక్క గది గాజుల అసిరమ్మది. పాకల రోజుల నుంచీ ఇద్దరూ పక్కపక్కనే, వదినా వదినా అనుకుంటూ బతికారు. బోణీ దగ్గర మాత్రం ఏ వరసలూ పనిచేసేవి కావు. తొలి బేరం అయ్యేదాకా పక్కవాళ్లకి చిల్లర ఇవ్వకూడదు, అగ్గిపుల్ల ఇవ్వకూడదు, పిలిచినా పలకకూడదు. పలికితే ఏదో ఒకటి అడుగుతారు, ఇస్తే ఆ పూట వ్యాపారం మట్టికొట్టుకుపోతుంది. బజారంతటికీ ఉన్న పట్టింపే అయినా చిలకమ్మది మరీ మొండితనం. ఒకసారి అసిరమ్మ కూతురికి జ్వరం ముదిరితే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, కాస్త కొట్టు చూడమని తడిక కొట్టి పిలిచింది. చిలకమ్మ ఉలకలేదు, పలకలేదు. బోణీ అయ్యాకే లేచింది. పిల్లకి తగ్గింది కాబట్టి సరిపోయింది.

గదిలోకి మారిన కొత్తలో ఒక పొద్దున చిలకమ్మ ఇంటినుంచి మూకుడులో నిప్పులు తెచ్చి సాంబ్రాణి వేసింది. బోణీకి ముందు సరుకుకి ధూపం పట్టడం ఆమె అత్తగారి నాటి అలవాటు. పొగ నిలవాలని పాకలో తడిక మూసేది. మూసినా అది ఆకుల సందుల్లోంచి తన దారి తాను చూసుకునేది. ఇక్కడ అలాగే షట్టర్ లోపలినుంచి కిందికి లాగింది. సగంలో మొరాయిస్తే ఒళ్లంతా బరువేసి గుంజింది. అది గాడి తప్పి దబ్బున దిగబడిపోయింది.

ఎత్తబోతే కదల్లేదు. గది చీకటైపోయింది. చిలకమ్మ వెనక్కి తిరిగేసరికి కాలు తగిలి మూకుడు ఒరిగింది, నిప్పులు మిరపకాయల బస్తా మీద పడ్డాయి.

మిరపకాయ మాడితే వీధివీధంతా తుమ్ముతుంది. ఆ ఘాటు ఒక్క మూసిన గదిలో, ఒక్క మనిషి గొంతులోకి దిగింది. కళ్లు మూసుకుపోయాయి. తాగడానికి తెచ్చుకున్న చెంబెడు నీళ్లూ బస్తా మీద పోస్తే పొగ ఇంకా లేచింది. షట్టర్ దబదబా బాదింది. ముందు వరస షట్టర్లన్నీ లేచే వేళ, ఆ మోతలో ఇదొక మోత. వాచ్‌మన్ టీకి పోయి ఉంటాడు.

షట్టర్ పక్కన వేలెడు సందు కనబడింది. దానికి నోరు ఆనించింది.

“వదినా, ఒక్కపాలి రాయే. సచ్చిపోతన్నాను.”

పక్క గదిలో గాజుల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

అసిరమ్మ విన్నది. విని, మళ్లీ గాజులు సర్దుకుంటోంది. రూపాయికి చిల్లర దొరక్కపోయినా సచ్చిపోతన్నాననే బజారు అది. ఇంకా బోణీ కాలేదు. ఇక ఎంత ఏడ్చి మొత్తుకున్నా అసిరమ్మ రాదు. రాదని చిలకమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

దగ్గు తెర విడిచిన క్షణం చూసుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుంది.

“గాజులు కావాలి. పచ్చయి, డజను. డబ్బులు సేతిలో ఉన్నాయి. బోణీ నాదే.”

అసిరమ్మ గాజులు పట్టుకుని వచ్చింది. సందులోంచి వచ్చే పొగ చూసి గాజులు అక్కడే వదిలేసి కేకలు పెట్టింది. ముందు వరస మగవాళ్లు గునపాలతో షట్టర్ లేపి, చిలకమ్మని వరండాలోకి లాగారు.

మొహం మీద నీళ్లు చల్లి, కొంగుతో తుడిచి, అందరూ వెళ్లాక అసిరమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది.

“ముందరే ఇన్నాను వదినా. నువ్వు దగ్గడం కూడా ఇన్నాను. బోణీ అవనేదు కదా, అయినాక వద్దామనుకున్నాను.”

చిలకమ్మ తల ఊపింది. కోపం రాలేదు. రావాలని చూసింది గానీ రాలేదు.

“రేపు నాను లోపలుండి పిలిస్తే నువ్వొత్తావా?” అసిరమ్మ అడిగింది.

వస్తానని చెప్పడానికి చిలకమ్మ నోరు తెరిచింది. ఇటుక గోడకి ఇవతల, సరుకు ముందు, బోణీ కాకుండా కూర్చున్న తనని తాను చూసుకుంది. లోపల పొగలో పట్టిన భయం కంటే పెద్ద భయం పట్టుకుంది. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు.