మామయ్య వేసే ముడి

నా ముడికి స్కూల్లో పేరుంది. ఇంగ్లండువాళ్లు పెట్టే స్కూల్ ఫైనల్ పరీక్షకు పదకొండేళ్లుగా ఇన్విజిలేటర్‌ని నేనే. జవాబు కాగితాలన్నీ దారంతో కట్టివ్వాలని వాళ్ల నియమం. పిల్లలు వేసే వంకర ముళ్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. విప్పి మళ్లీ కట్టందే ఊరుకోను.

ఈసారి మా అక్క కూతురూ రాసింది. పాసైతేనే టీచర్ ట్రైనింగులో సీటు. చరిత్ర పరీక్ష అయిన సాయంత్రమే హెడ్మాస్టరుగారు కట్ట మీద లక్క ముద్ర వేసి ఇంగ్లండు వెళ్లే ఓడకు పంపించేశారు. మర్నాడు హాలు సర్దుతుంటే బల్ల కింద ఒక విడి కాగితం కనబడింది. రెండు వైపులా నిండా జవాబులు, పైన మా పిల్ల నంబరు.

నేరుగా అక్క ఇంటికెళ్లి పిల్లను దులిపేశాను. "కాగితాలు కూడా సరిగ్గా కట్టుకోలేవా? ఏడాది చదువంతా గంగలో కలిపావు." అది తలొంచుకుని నిలబడింది.

కాగితం చూసి హెడ్మాస్టరుగారు పెదవి విరిచారు. "తప్పు పిల్లదైతే దీన్ని దిద్దరండీ. మనదైతే ఉత్తరం జతచేసి పంపొచ్చు. కానీ ఆ తప్పు చేసినవాళ్లు ఇక పరీక్ష హాల్లో అడుగుపెట్టకూడదు."

చెమట తుడుచుకోవడానికి జేబులో చెయ్యిపెడితే రుమాలుతో పాటు ఒక దారం ముక్క వచ్చింది. నలిగి, ముడి విప్పిన ఆనవాళ్లతో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. మా పిల్ల వేసిన ముడి విప్పింది నేనే. అంతలో వెనక బెంచీ నుంచి ఎవరో పిలిస్తే వెళ్లొచ్చి, కొత్త దారంతో కట్టాను. ఒక కాగితం జారిపోయిందని చూసుకోలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం ఆ దారాన్ని కిటికీలోంచి విసిరేద్దామనిపించింది.

మళ్లీ ఇంటికెళ్లాను.

"నీ ముడి నేను విప్పానని ఎందుకు చెప్పలేదే?"

"మీరు కట్టాక ఊడిపోతుందని నేనెలా అనుకుంటాను మామయ్యా? నేనే మొదట కట్టినప్పుడు ఒక కాగితం వదిలేసుంటాననుకున్నా."

పొద్దున నేనన్న మాటలన్నీ నిజమని నమ్మి కూర్చుందది.

అక్కడే కూర్చుని తప్పు నాదేనని ఉత్తరం రాసి సంతకం పెట్టాను. కాగితాన్నీ ఉత్తరాన్నీ కలిపి దాని చేతికిచ్చాను. "నువ్వే కట్టు."

వంకరగానే కట్టింది. నా చేతులు ఊరుకుంటేనా, వాటిని వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.